పిల్లల మిలిటరీ థీమ్ పుట్టినరోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

కింది లెక్కలన్నీ 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు 20 మంది, పెద్దలు 30 మంది వచ్చే ఫంక్షన్‌కి వేసినవి. చోటు అపార్ట్‌మెంట్ టెర్రస్ గానీ, సెల్లార్ గానీ, చిన్న హాలు గానీ అనుకున్నాం. మీ సంఖ్యను బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

ఈ థీమ్ ఏ వయసు పిల్లలకు సరిపోతుంది?

ఆరు నుంచి పదేళ్ల మధ్య బాగా కుదురుతుంది. మూడు నాలుగేళ్ల వాళ్లకు డ్రెస్సు, కేకు, బెలూన్లు చాలు. ఆటలు పెట్టినా మధ్యలో అమ్మ దగ్గరికి పరిగెత్తుతారు. పదకొండు దాటినవాళ్లు మార్చ్ చేయమంటే సిగ్గుపడతారు కానీ మ్యాపు, రహస్య సందేశం, తాళం లాంటి బుర్రకు పనిచెప్పే ఆటలైతే వదలరు. అన్ని వయసుల పిల్లలూ వస్తుంటే పెద్ద పిల్లల్ని ‘సెక్షన్ కమాండర్లు’ చేసి తలా నలుగురు చిన్నవాళ్లను అప్పగించండి. అల్లరి సగం తగ్గుతుంది.

ఆర్మీయే పెట్టాలా? నేవీ, ఎయిర్‌ఫోర్స్ పెట్టకూడదా?

నిక్షేపంగా పెట్టొచ్చు. చాలా ఇళ్లలో అవే ఇంకా తేలిక. నేవీ అయితే తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నీలం రిబ్బను చాలు. ఎయిర్‌ఫోర్స్ అయితే లేత నీలం చొక్కా, ముదురు నీలం ప్యాంటు. ఇవి సగం మంది పిల్లల బీరువాల్లో ఇప్పటికే ఉంటాయి, కొత్తగా కొననక్కర్లేదు. విశాఖలో ఉన్నవాళ్లకు నేవీ థీమ్ చేతికందే దూరంలో ఉంది. ఆర్.కే. బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ 142 విమానం మ్యూజియాలుగా ఉన్నాయి. పొద్దున పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి సాయంత్రం కేక్ కట్ చేయిస్తే థీమ్ దానంతటదే నిలబడుతుంది.

పుట్టినరోజు ఏదైనా సైనిక దినానికి దగ్గరగా పడితే దాన్నే పట్టుకోండి. జనవరి 15 ఆర్మీ డే, జులై 26 కార్గిల్ విజయ్ దివస్, అక్టోబర్ 8 ఎయిర్‌ఫోర్స్ డే, డిసెంబర్ 4 నేవీ డే.

పిల్లలకు ఆర్మీ డ్రెస్సు వేయడం చట్టరీత్యా తప్పా?

ఫ్యాన్సీ డ్రెస్సుగా వేస్తే తప్పు కాదు. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం, తాను సైనికుడినని ఎదుటివాళ్లను నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు గానీ చిహ్నాలు గానీ ధరించడం నేరం. మూడు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఏడేళ్ల పిల్లాడిని చూసి జవాను అని ఎవరూ పొరబడరు.

జాగ్రత్త పడాల్సింది పెద్దవాళ్లే. ఫొటోల కోసం నాన్న, బాబాయ్, యాంకర్, కెమెరామన్ అచ్చం ఆర్మీ కంబాట్ డ్రెస్సుల్లాంటివి వేసుకుని కంటోన్మెంట్ వైపు బండి మీద తిరగడం తెలివైన పని కాదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద దాడి చేసినవాళ్లు ఆర్మీ దుస్తుల్లో వచ్చారు. ఆ తర్వాత, మామూలు జనం అలాంటి బట్టలు వేసుకోవద్దనీ, దుకాణాలవాళ్లు అమ్మొద్దనీ ఆర్మీయే కోరింది. 2022 ఆర్మీ డే పరేడ్‌లో తొలిసారి కనిపించిన చుక్కల చుక్కల డిజిటల్ ప్రింటు యూనిఫాం డిజైన్ హక్కులు ఆర్మీ పేరు మీద రిజిస్టరై ఉన్నాయి. ఆ ప్రింటును అచ్చు గుద్దిన డ్రెస్సులు కొనకండి. పెద్దలకు ఆలివ్ గ్రీన్ టీషర్టు, నల్ల ప్యాంటు పెడితే ఫొటోల్లోనూ బాగుంటుంది, ఏ గొడవా ఉండదు.

వచ్చే పిల్లలందరికీ డ్రెస్సులు మనమే ఇవ్వాలా?

అక్కర్లేదు. పుట్టినరోజు బిడ్డకు ఒక్క పూర్తి డ్రెస్సు, మిగతావాళ్లకు టోపీ, చేతికి కట్టే బ్యాండు చాలు. ఆకుపచ్చ గానీ ఖాకీ గానీ గోధుమరంగు గానీ టీషర్టు వేసి పంపమని పిలుపులోనే రాయండి.

డ్రెస్సు అద్దెకు తెస్తే ముందురోజు సాయంత్రమే ఇంటికి తెచ్చి తొడిగి చూడండి. ఆగస్టు 15, జనవరి 26 వారాల్లో స్కూళ్ల ఫ్యాన్సీ డ్రెస్ పోటీల వల్ల ఆర్మీ డ్రెస్సులు దొరకవు. ఆ వారాల్లో పుట్టినరోజు ఉంటే నెల ముందే చెప్పి పెట్టాలి. అద్దె డ్రెస్సుల్లో ఎక్కువ భాగం పాలిస్టర్. మే నెలలో అరగంట వేసుకుంటే మెడ దగ్గర పేలిపోతుంది. లోపల కాటన్ బనియన్ తప్పనిసరి. కేక్ కటింగ్, ఫొటోలు అయ్యేదాకా డ్రెస్సు, ఆటలకు టీషర్టు అని ముందే అనుకోండి.

టోపీలు, బ్యాండ్లు, విజిళ్లు, ప్లాస్టిక్ బొమ్మ సైనికులు హోల్‌సేల్‌గా కావాలంటే హైదరాబాద్‌లో బేగంబజార్, విజయవాడలో వన్‌టౌన్, విశాఖలో పూర్ణా మార్కెట్ చూడండి. టోపీలు డజన్ల లెక్కన ఇస్తారు కాబట్టి 20 మందికి రెండు డజన్లు తీసుకోండి. పిలవని తమ్ముళ్లు, చెల్లెళ్లు నలుగురైనా వస్తారు.

బొమ్మ తుపాకులు పెట్టొచ్చా?

వద్దనే చెబుతాం. నీతులు చెప్పడానికి కాదు, తుపాకీ చేతికొచ్చిన క్షణం నుంచి పిల్లలు ఇంకే ఆటా ఆడరు. మీరు వారం రోజులు కష్టపడి కట్టిన అడ్డంకుల దారి ఖాళీగా పడి ఉంటుంది.

ప్రమాదం సంగతి వేరే. ప్లాస్టిక్ గుండ్లు పేల్చే బీబీ గన్నులు, నీళ్లలో ఉబ్బే జెల్ బంతుల గన్నులు కంటికి తగిలితే చూపుకే ముప్పు. పైపులో కార్బైడ్ వేసి పేల్చేవాటిని అసలు గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి. కార్బైడ్‌కు నీళ్లు తగిలితే వచ్చే ఎసిటిలీన్ వాయువు ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం. పేలలేదేమని పిల్లలు గొట్టంలోకి కన్నుపెట్టి చూస్తారు, సరిగ్గా అప్పుడే పేలుతుంది.

ఫొటోల కోసం చేతిలో ఏదో ఒకటి ఉండాలనుకుంటే బైనాక్యులర్ ఇవ్వండి. రెండు టిష్యూ రోల్ గొట్టాలు అతికించి, నల్లరంగు వేసి, తాడు కడితే సరి. మ్యాపు, దిక్సూచి, వాకీటాకీ కూడా బాగుంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. నిజం తుపాకీలా కనిపించే బొమ్మను పెరట్లో పట్టుకున్నా పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేసే అవకాశం ఉంది.

ఆటల్లో శత్రువు ఎవరు?

ఎవరూ ఉండకూడదు. ఒక జట్టును ‘ఇండియా’ అనీ, ఇంకో జట్టును ఇంకో దేశమనీ అంటే రెండో జట్టులో పడ్డ పిల్లలు ఏడుస్తారు. వచ్చినవాళ్లలో ఒక పిల్లాడి పేరో మతమో పట్టుకుని ‘నువ్వు ఆ జట్టు’ అనే మాట కూడా పుడుతుంది. జట్లకు గోదావరి, కృష్ణా, తుంగభద్ర, మంజీర అని నదుల పేర్లు పెట్టండి. పోటీ గడియారంతో పెట్టండి, వరదతో పెట్టండి, తాళంతో పెట్టండి (ఆ ఆటలేంటో కింద చెప్పాం).

జాతీయ జెండాను డెకరేషన్‌లో వాడొచ్చా? త్రివర్ణం కేకు కోయొచ్చా?

జెండాను తోరణంలా గానీ, టేబుల్ మీద గుడ్డలా గానీ, కుర్చీ కవరులా గానీ వాడకూడదు. అశోకచక్రంతో సహా జెండా అచ్చేసిన టిష్యూలు, దిండుకవర్లు, చేతిరుమాళ్లు కూడా వద్దు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టమూ, 2002 నాటి ఫ్లాగ్ కోడూ ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. జెండా మీద పిల్లాడి పేరు రాయించడం అస్సలు కుదరదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల బెలూన్లు, రిబ్బన్లు మాత్రం కేవలం రంగులే కాబట్టి ఇబ్బంది లేదు.

కేకు విషయం కోర్టు దాకా వెళ్లింది. 2013లో కోయంబత్తూరులో జరిగిన ఒక క్రిస్మస్ వేడుకలో అశోకచక్రం ఉన్న త్రివర్ణం కేకు కోశారని కేసు పెడితే, అది జెండాను అవమానించడం కిందికి రాదని 2021లో మద్రాస్ హైకోర్టు కేసు కొట్టేసింది. అయినా ఇంటికొచ్చిన పెద్దాయన ఒకరు కత్తి చూసి ‘జెండాను కోస్తారా’ అనకుండా ఉండాలంటే చక్రం లేని కేకు చెప్పండి.

మూడు సింహాల గుర్తును ఆహ్వానపత్రం మీద వేయకండి. ఆ చిహ్నాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకుండా 2005లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. ఆర్మీ రెజిమెంట్ల బ్యాడ్జీల జోలికీ పోవద్దు. ఒక నక్షత్రం, రెండు ఆకులు గీసి కింద పిల్లాడి పేరు రాస్తే అదే మీ రెజిమెంటు.

పిలుపు ఎలా రాయాలి?

‘రిపోర్టింగ్ ఆర్డర్’ లాగా రాస్తే పిల్లలకు సరదా. వాట్సాప్‌లో పంపినా ఈ ఐదూ ఉండాలి: రిపోర్ట్ చేయాల్సిన సమయం, చోటు, వేసుకోవాల్సిన బట్టలు, కాలికి బూట్లు తప్పనిసరి అన్న మాట, తినకూడని పదార్థాలుంటే చెప్పమన్న ఒక వాక్యం. బూట్ల మాట మర్చిపోతే సగం మంది చెప్పులతో వస్తారు, అడ్డంకుల ఆట అక్కడే కుంటుతుంది.

టైమ్ ఎలా పంచుకోవాలి?

మనవైపు ఆరున్నరకి అంటే ఏడున్నరకి వస్తారు. ఇది మారదు కాబట్టి దాన్నే ప్లాన్‌లో కలుపుకోండి. పిల్లలకు నాలుగున్నరకనీ, పెద్దలకు ఆరింటికనీ విడివిడిగా చెప్పండి. ఐదింటికి సగం మంది చేరతారు. అప్పటిదాకా ముందు వచ్చినవాళ్లు బైనాక్యులర్లు చేసుకుంటూ కూర్చుంటారు. 5.15కి కవాతు, 5.30 నుంచి 6.00 దాకా అడ్డంకుల దారి, పావుగంట మజ్జిగ, నిమ్మరసం, 6.15 నుంచి 7.00 దాకా వరద సహాయం, తాళం ఆట. ఏడుంపావుకి కేకు. ఏడున్నరకి భోజనాలు.

అందరూ చేసే తప్పు కేకును ఎనిమిదిన్నరకి పెట్టడం. అప్పటికి పుట్టినరోజు బిడ్డే నిద్రకు జోగుతుంటుంది. మైకు, డీజే ఉంటే రాత్రి పదింటికల్లా ఆపేయాలి. అది అసోసియేషన్ నియమం కాదు, శబ్ద కాలుష్య నిబంధన.

అడ్డంకుల దారి ఎలా కట్టాలి?

పార్టీ మొత్తానికి ఇదే ప్రాణం. డెకరేషన్ డబ్బు తగ్గించైనా దీనికి పెట్టండి. నిజానికి పెద్ద ఖర్చు కూడా కాదు. 60 అడుగుల పొడవు ఉంటే తిన్నగా, లేకపోతే ‘U’ ఆకారంలో పెట్టుకోవచ్చు. వరుస ఇది.

మొదట టైర్లు. ఆరు పాత స్కూటర్ టైర్లు రెండు వరుసల్లో ఎడమ, కుడి వచ్చేలా పరవండి. పంక్చర్ షాపులో అడిగితే రెండు రోజులకు ఇస్తారు. సబ్బుతో కడగకపోతే అందరి ప్యాంట్లకూ నల్లమసి. కడిగాక లోపలి అంచు చుట్టూ పాత గుడ్డతో తుడవండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఇనుప తీగ బయటికొచ్చినట్టే, ఆ టైరు తీసేయండి.

తర్వాత బల్ల మీద నడక. 8 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు చెక్క. రెండు చివర్లా ఒక్కో ఇటుక పడుకోబెట్టి పెట్టండి, మధ్యలో కూడా ఒకటి పెట్టాలి. మధ్య ఇటుక మర్చిపోతే బరువైన పిల్లాడు నడిచేటప్పుడు చెక్క వంగి ఊగుతుంది. ఎత్తు మూడు నాలుగు అంగుళాలు దాటనక్కర్లేదు.

మూడోది పాకడం. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. కింద చాప గానీ పాత బొంత గానీ. రెండువైపులా ప్లాస్టిక్ కుర్చీలు మూడేసి పెట్టి, కాళ్లకు నేల నుంచి 20 అంగుళాల లోపు ఎత్తులో లంగాలకు వేసే ఎలాస్టిక్ అడ్డదిడ్డంగా కట్టండి. బట్టలారేసే నైలాన్ తాడు వద్దు. అది మెడకు తగిలితే కోసుకుంటుంది, ఎలాస్టిక్ అయితే సాగుతుంది. కుర్చీలు జరిగిపోతాయి కాబట్టి ప్రతి కుర్చీలో నింపిన నీళ్ల బకెట్ గానీ, రెండు మూడు ఇటుకలు గానీ పెట్టండి. ఎలాస్టిక్‌కి అక్కడక్కడా మువ్వలు కుట్టండి. మోగితే రెండు సెకన్లు జరిమానా. పిల్లలు ఊపిరి బిగబట్టి పాకుతారు, చూడ్డానికి అదే ముచ్చట.

నాలుగోది సొరంగం. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె రెండువైపులా కోసి పడుకోబెట్టండి. లేకపోతే డైనింగ్ టేబుల్ మీద దుప్పటి కప్పినా సరే. ఐదోది మూట మోయడం. స్కూల్ బ్యాగులో రెండు కిలోల బియ్యం ప్యాకెట్ వేసి 15 అడుగులు నడవాలి. చివరిది గురి. ఆరు పేపర్ కప్పులు 3, 2, 1గా పేర్చి, మూడు స్పాంజి బంతులు ఇవ్వండి. ఐదారేళ్లవాళ్లకు 6 అడుగుల దూరం, పెద్దవాళ్లకు 10 అడుగులు. అయ్యాక గంట కొట్టాలి. గుడిగంట లాంటి ఇత్తడి గంట దొరికితే మోత బాగుంటుంది.

ఈ దారిలో ఎక్కడ గొడవ వస్తుంది?

పాకే దగ్గర. అన్నిటికన్నా నెమ్మదిగా సాగేది అదే కాబట్టి వెనకున్నవాడు వచ్చి ముందువాడి కాళ్లు పట్టి లాగుతాడు. ముందువాడు పాకడం పూర్తిచేసి బయటికొచ్చాకే తర్వాతివాడికి విజిల్ వేయండి. ఆ లెక్కన ఒక్కొక్కరికి 25 సెకన్ల ఎడం వస్తుంది. 20 మందికి తొమ్మిది నిమిషాలు, రెండు రౌండ్లకు ఇరవై నిమిషాల లోపే.

ఇద్దరిద్దరిని పోటీకి దింపొద్దు. పొడుగువాళ్లే గెలుస్తారు. మొదటి రౌండు కంటే రెండో రౌండులో ఎవరు ఎన్ని సెకన్లు తగ్గించుకున్నారన్నది లెక్కించండి. మొదటిసారి తడబడ్డ చిన్నపిల్ల రెండోసారి పది సెకన్లు తగ్గించి పతకం కొట్టేస్తుంది.

నలుగురు పెద్దలు కావాలి. విజిల్ దగ్గర ఒకరు, చెక్క పక్కన ఒకరు, పాకే దగ్గర ఒకరు, కప్పులు పేర్చడానికి ఒకరు. కప్పులు పేర్చేవాళ్లకు నడుం నొప్పి ఖాయం, ఇంటర్ చదివే పిల్లల్ని పెట్టండి.

టెర్రస్ మీద అయితే పిట్టగోడ కనీసం నాలుగడుగులు ఉండాలి, దారి దానికి ఆరడుగులు ఎడంగా సాగాలి. పిట్టగోడ దగ్గర ఎక్కడానికి వీలయ్యే కుర్చీ, కుండీ, పైపు ఉండకూడదు. వేసవిలో గచ్చు సాయంత్రం ఆరింటికీ కాలుతూనే ఉంటుంది. మూడున్నరకి నీళ్లు కొట్టి, ఐదింటికల్లా పూర్తిగా ఆరనివ్వండి. తడి గచ్చు మీద పరిగెత్తిస్తే మోకాళ్లు, గడ్డాలు పగులుతాయి.

కవాతు నేర్పడం ఎలా?

పది నిమిషాలు చాలు. మన స్కూళ్లలో పీఈటీ సార్లు వాడే ఆదేశాలే పిల్లలకు వచ్చు: సావధాన్, విశ్రామ్, దాయే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. వీటికి తెలుగు కనిపెట్టే పని పెట్టుకోకండి, సైన్యంలోనూ ఇవే. తేజ్ చల్ అంటే ముందు ఎడమ కాలు. పీఛే ముడ్ అంటే కుడివైపు నుంచే తిరగాలి.

మార్చ్ చేయమనగానే సగం మంది పిల్లలు ఏ కాలు వేస్తే ఆ చేయే ముందుకు ఊపుతారు. ‘అలా కాదు’ అని అరిస్తే ఇంకా బిగుసుకుపోతారు. మామూలుగా నడవమనండి, నాలుగడుగులయ్యాక చేతులు కొంచెం కొంచెం పైకి తెమ్మనండి. చేయీ కాలూ వాటంతటవే సర్దుకుంటాయి.

సెల్యూట్ పిల్లలకు మహా ఇష్టం. మూడు దళాలకూ మూడు రకాలని చూపించండి. ఆర్మీలో అరచేయి తెరిచి ఎదుటివాడికి కనిపిస్తుంది. నేవీలో అరచేయి కిందికి వాలి కనబడకుండా ఉంటుంది. ఎయిర్‌ఫోర్స్‌లో ఈ రెండింటికీ మధ్యగా, నేలకు 45 డిగ్రీల కోణంలో. వాళ్లు ఈ పద్ధతికి మారింది 2006లో. ‘నేవీ!’, ‘ఆర్మీ!’, ‘ఎయిర్‌ఫోర్స్!’ అని గబగబా అరుస్తూ, తప్పు సెల్యూట్ కొట్టినవాళ్లను పక్కకు తీస్తే అదే ఒక ఆట.

ఇంకా ఏ ఆటలు పెట్టొచ్చు?

వరద సహాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు హెలికాప్టర్లు, డ్రోన్లు, పడవలతో జనానికి తిండి చేరవేయడం చాలామంది పిల్లలు టీవీలో చూశారు. అదే ఆట. 12 అడుగుల నీలం దుప్పటి నీళ్లు, అవతల ‘మిద్దె మీద చిక్కుకున్న జనం’, అంటే బొమ్మలు. ఒక్కో జట్టుకు రెండు రబ్బరు డోర్‌మ్యాట్లు ఇవ్వండి. ఒకదాని మీద నిలబడి, రెండోది ముందుకు వేసి, దాని మీదికి దూకి, వెనకది తీసుకుంటూ వెళ్లాలి. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటుంది. కాలు దుప్పటికి తగిలితే ప్యాకెట్ తడిసినట్టు లెక్క. జట్టుకు పది ప్యాకెట్లు, పది నిమిషాలు. టైల్స్ మీద గుడ్డ డోర్‌మ్యాట్లు జారతాయి, దుప్పటి కూడా జారుతుంది. నున్నటి నేల మీద దుప్పటి బదులు నీలం సుద్దతో హద్దు గీయండి.

తాళం ఆట. మిలిటరీ కుటుంబాలకు బాగా తెలిసిన నల్ల ఇనప ట్రంకు పెట్టె ఒకటి సంపాదించండి, దాని మీద తెల్లరంగుతో పిల్లాడి పేరు రాయండి. మూడంకెల నంబరు తాళం వేయండి. అపార్ట్‌మెంట్ మ్యాపు గీసి మూడు చోట్ల మూడు అంకెలు దాచండి. ఒక అంకెను తెల్ల క్రేయాన్‌తో తెల్ల కాగితం మీద రాసి, పక్కన వాటర్‌కలర్ పెట్టండి. రంగు పూస్తే అంకె తేలుతుంది. నిమ్మరసంతో రాసి ఇస్త్రీపెట్టెతో వేడిచేసే పద్ధతి కన్నా ఇది సురక్షితం. పెట్టెలో రిటర్న్ గిఫ్టులు ఉంటాయి. నంబరు మీ ఫోన్‌లోనూ, ఇంకొకరి ఫోన్‌లోనూ రాసి ఉంచండి. తాళం తెరుచుకోకపోతే కేకు ముందు సుత్తి వెతుక్కోవాల్సి వస్తుంది.

దిక్సూచి ఇస్తుంటే బైకులు, ఇనప గేట్లు, లిఫ్టు దగ్గర ఆధారాలు దాచకండి. ఇనుము పక్కన ముల్లు తప్పు చూపిస్తుంది, పిల్లలు ఉత్తరమని దక్షిణానికి పోతారు.

వర్షం వస్తే?

అడ్డంకుల దారి నుంచి చెక్క, టైర్లు తీసేసి పాకడం, సొరంగం, గురి మూడూ హాల్లో పెట్టండి. 12 అడుగుల గది చాలు. తాళం ఆట ఎలాగూ లోపలే. జూన్ నుంచి అక్టోబర్ మధ్య పుట్టినరోజైతే ఇదే అసలు ప్లాన్ అనుకుని సిద్ధం కండి.

డెకరేషన్ తక్కువలో ఎలా?

కామోఫ్లాజ్ వల (సైనికులు చెట్టుచేమల్లో కనబడకుండా కప్పుకునేది) అద్దెకు తెచ్చే బదులు నర్సరీలకు వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ మీటర్ల లెక్కన కొనండి. ఆరు మీటర్లు వెనక తెరకు, నాలుగు మీటర్లు పైకప్పుకు. ఖాకీ, గోధుమరంగు గుడ్డముక్కలు ఆకుల్లా కోసి పిన్నీసులతో గుచ్చండి. కేబుల్ టైలతో కడితే గాలికి ఊడదు. ఇది ప్లాస్టిక్, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొవ్వొత్తులకు, వేడెక్కే ఫోకస్ లైట్లకు ఆరడుగులు దూరంగా ఉండాలి. ఇసుక బస్తాల్లా కనిపించాలంటే గోనెసంచుల్లో ఇసుక బదులు ఊక గానీ, నలిపిన వార్తాపత్రికలు గానీ కుక్కండి. పిల్లవాడి మీద పడ్డా దెబ్బ తగలదు.

పది అడుగుల బెలూన్ దండకు 5, 10, 12 అంగుళాల సైజులు కలిపి వంద బెలూన్లు పడతాయి. ఆలివ్ ఆకుపచ్చ 40, గోధుమరంగు 30, ఇసుక రంగు 20, నలుపు 10. ఎండ తగిలే చోట రెండు గంటల ముందు మాత్రమే కట్టండి.

బెలూన్లు, స్ప్రేల్లో దేనితో జాగ్రత్త?

గాల్లో తేలే బెలూన్లు కావాలంటే హీలియమో కాదో అడిగి తీసుకోండి. తక్కువ ధరకు నింపేవాళ్లు చాలాచోట్ల హైడ్రోజన్ నింపుతారు, కొవ్వొత్తి దగ్గరకొస్తే మంటే. స్నో స్ప్రే ఇంకా మోసం. దాన్ని తోసే వాయువు మండే రకం. కొవ్వొత్తి వెలుగుతుండగా పిల్లాడి ముఖం మీద కొడితే మంట నేరుగా జుట్టుకు అంటుకుంటుంది. కేకు దగ్గర స్నో స్ప్రే వద్దే వద్దు. పొగ బాంబులు మూసిన హాల్లో కాల్చకండి. ఆస్తమా పిల్లలు ఒకరైనా ఉంటారు.

ముఖానికి రంగులు వేయొచ్చా?

ముఖానికని ప్రత్యేకంగా అమ్మే నీటిరంగులే వాడండి. పోస్టర్ కలర్, ఫ్యాబ్రిక్ కలర్ వేస్తే దద్దుర్లు లేస్తాయి. ముందు మోచేతి లోపల చుక్క పెట్టి చూడండి. కంటికి దూరంగా, బుగ్గ మీద రెండు గీతలు చాలు. ఒక్క కాటుక గీతైనా సరిపోతుంది. తీసేటప్పుడు కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది.

భోజనం ఎంత, ఏం పెట్టాలి?

సైన్యంలో వంటశాలను లంగర్ అంటారు. ఒక బోర్డు మీద ఆ మాట రాసి, గళ్లున్న స్టీలు పళ్లాల్లో వడ్డించండి. మిలిటరీ హోటల్ పేరు గుర్తొచ్చి మటన్ ఉండాల్సిందే అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, పెద్దల భోజనంలో వాళ్ల మాట నెగ్గించండి. పిల్లలకు మాత్రం పూరీ, ఆలూ కూర, పెరుగన్నం, శక్కర్‌పారా అనే తీపి మైదా బిళ్లలు చాలు. పిల్లలకు తలా మూడు చిన్న పూరీలు. కిలో పిండికి 45 నుంచి 50 వస్తాయి, కిలోన్నర కలపండి. పెద్దలకు బిర్యానీ అయితే మనిషికి 125 గ్రాముల బియ్యం లెక్కన నాలుగు కిలోలు. నీళ్లు 20 లీటర్ల క్యాన్లు మూడు. ఆటల దగ్గర ఒక క్యాన్ విడిగా ఉండాలి, లేకపోతే పిల్లలు భోజనాల దగ్గరికే వస్తుంటారు. పులిహోర పెడితే పల్లీలు పడనివాళ్లున్నారేమో ముందే కనుక్కోండి.

కేకు ఎలా చెప్పాలి?

కిలో కేకుకు పది పన్నెండు ముక్కలు. యాభై మందికి చిన్న ముక్కలుగా మూడు కిలోలు. మూడు కిలోలూ డిజైన్ కేకు చేయించనక్కర్లేదు. కిలోన్నర డిజైన్‌ది, మిగతాది మామూలు కేకు పలకలుగా తెప్పించి లోపల కోయించండి.

ముదురు ఆకుపచ్చ, నలుపు క్రీములో రంగు ఎక్కువ కలపాలి. చేదొస్తుంది, ఫొటోల్లో అందరి పళ్లూ ఆకుపచ్చగా పడతాయి. అడుగున లేత పిస్తా రంగు, మచ్చలకు కోకో పొడితో చేసిన గోధుమరంగు, ముదురుకు నల్ల చాక్లెట్ బిస్కెట్ పొడి అని చెప్పండి. యుద్ధట్యాంకు ఆకారం అయితే గొట్టం వాలిపోవడం మామూలే. లోపల వేఫర్ రోల్ పెట్టమనండి, గొట్టాన్ని విడిగా తెచ్చి ఇంట్లో గుచ్చండి. ఫాండెంట్ (చక్కెర ముద్దతో పైపూత వేసిన) కేకును ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమ్మ పట్టి జిగటవుతుంది. ఏసీ గదిలో పెట్టుకోవడమే మేలు.

ఆడపిల్లలకు ఈ థీమ్ నచ్చుతుందా?

నచ్చుతుంది. పాకే పోటీలో మువ్వలు మోగకుండా వచ్చేది ఎక్కువగా వాళ్లే. నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి తొలి మహిళా క్యాడెట్లు 2025 మేలో పాసయ్యారు. అందుకని ‘నర్సు జట్టు’ అని విడిగా పెట్టకండి, అందరూ అన్నీ ఆడాలి.

తెలిసిన మాజీ సైనికుణ్ణి పిలవొచ్చా?

తప్పకుండా. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరే వచ్చింది, ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లిన ఊరది. అలాంటి ఊళ్ల నుంచి వచ్చినవారు మీ కాలనీలోనూ ఉండొచ్చు. ఒకరోజు ముందు ఇంటికెళ్లి, బొట్టుపెట్టి పిలవండి. యూనిఫాంలో రమ్మని అడగొద్దు. పది నిమిషాలు మాట్లాడితే చాలని చెప్పండి. పిల్లలు మొదట అడిగే ప్రశ్న ‘ఎంతమందిని చంపారు తాతగారూ’ అని. దాన్ని ముందే ఆపి, మంచులో స్నానం ఎలా చేస్తారు, పెట్టెలో ఏం పెట్టుకుంటారు, సెలవు దొరక్కపోతే ఇంటికి ఉత్తరం ఎలా వచ్చేది లాంటి ప్రశ్నలు చీటీల మీద రాసి పిల్లలకు పంచండి. కేకు మొదటి ముక్క ఎవరికన్న గొడవా తీరుతుంది, ఆయనకే పెట్టించండి.

రిటర్న్ గిఫ్టులు, పతకాలు?

పతకానికి బంగారు రేకు చుట్టిన చాక్లెట్ కాయిన్, అంగుళం వెడల్పు రిబ్బను 75 సెంటీమీటర్లు. రిబ్బను కొసలు ముడి వేయకండి, ఒక్క స్టేపుల్ పిన్ను కొట్టి, దాని మీద టేపు చుట్టండి. ఎవరైనా లాగినా మెడకు బిగుసుకోకుండా ఊడిపోతుంది. పరమవీరచక్ర లాంటి నిజం పతకాల నకళ్లు మాత్రం వద్దు. ప్రతి పిల్లకూ ఏదో ఒక పతకం ఉండాలి: మువ్వ మోగనివ్వనందుకు, అందరికీ నీళ్లందించినందుకు, మొదట టైమ్‌కి వచ్చినందుకు.

గిఫ్టుగా చిన్న టార్చిలైటు, విజిల్, నోట్‌బుక్ బాగా నడుస్తాయి. విజిల్ ఇస్తే మాత్రం వెళ్లేటప్పుడు లిఫ్టు దగ్గర ఇవ్వండి, ముందే ఇస్తే మీ చెవులు మీవి కావు. మూడేళ్ల లోపు పిల్లలకు ప్లాస్టిక్ బొమ్మ సైనికుల్ని ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటారు. టైర్లు మర్నాడే పంక్చర్ షాపులో ఇచ్చేయండి, వానపడితే వాటిల్లో నీళ్లు నిలిచి దోమలు పెడతాయి.